మాత్ర ఒక్కటి చాలునా?

ఏటా ఫిబ్రవరి 10వ తేదీన, చాల రాష్ట్రములలో మరల ఆగస్టు 10వ తేదీన, మన దేశమందలి బడులలోను అంగన్‌వాడీ కేంద్రములలోను పిల్లలచేత ఒక చిన్న మాత్రను నమలించుచున్నారు. ఆ మాత్ర పేరు ఆల్బెండజోల్. ఆ దినమునకు జాతీయ నులిపురుగుల నిర్మూలన దినమని పేరు. 2015వ సంవత్సరమున కొన్ని రాష్ట్రములలో మొదలై, మరుసటి ఏట దేశమంతటికిని విస్తరించిన ఈ కార్యక్రమము ఎంతయు మెచ్చదగినది. అయినను ఆ మాత్ర చేయగల పని యెంత, చేయజాలని పని యెంత అను ప్రశ్నను విద్యాసంస్థలకు చెందిన మనము ఇంతవరకు తీరికగా వేసికొనలేదు. ఆ ప్రశ్నను మన విద్యార్థుల యెదుటను, కళాశాల యాజమాన్య సంఘము వారి యెదుటను ఉంచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పద్యములు, వ్యాకరణము చెప్పుకొను తెలుగు శాఖవారికి పురుగుల గొడవ యెందుకని మిత్రులు కొందరు నవ్వవచ్చును. నవ్వుదురు గాక. కన్నులారా చూచినదానిని గూర్చి వ్రాయుటకు శాఖాభేదము అడ్డు రాదని మా నమ్మకము.

ఒక ఆగస్టు నెలలో మేము జాతీయ సేవా పథకమునకు చెందిన విద్యార్థులను వెంటబెట్టుకొని ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్ళితిమి. ఒకే ఆవరణలో ఒక ప్రక్క ఉర్దూ మాధ్యమము, వేరొక ప్రక్క తెలుగు మాధ్యమము నడచుచున్న బడి అది. పిల్లలు నూట యేబది మందికి పైగా ఉందురు. మా విద్యార్థులు వరుసలు కట్టించిరి. ఉపాధ్యాయులు పేరు పేరునా పిలిచి మాత్రలిచ్చిరి. పిల్లలు మొగములు చిట్లించుకొని నమలిరి. పని సక్రమముగా ముగిసినందుకు మేమందరము సంతోషించితిమి.

ఇంతలో మధ్యాహ్న భోజనపు గంట మ్రోగినది. అంతవరకు మట్టిలో గోలీలాడుచున్న పిల్లలు ఆ చేతులతోనే పళ్ళెములందుకొని వరుసలో నిలిచిరి. చేతులు కడుగుకొనుడని మా విద్యార్థిని యొకతె కేక వేసినది. ఒక పిల్లవాడు తన చేతులు చొక్కాకు తుడుచుకొని, శుభ్రముగనే యున్నవని చూపినాడు. కొళాయి ఎక్కడనని వెదకగా, మరుగుదొడ్ల వెనుక ఒక్కటి కనబడినది. అది ఒకటవ తరగతి పిల్లలకు అందని యెత్తున ఉన్నది. సబ్బు లేదు. సబ్బు ఏదని అడిగితిమి. బీరువాలో భద్రముగా ఉన్నదని అక్కడి ఉపాధ్యాయుడు చెప్పినారు. “ఏం చేయమంటారు సార్! సబ్బు బయట పెడితే సాయంత్రానికి ఉండదు. పిల్లలు ఇంటికి పట్టుకుపోతారు” అని ఆయన తన కష్టము చెప్పుకొనినారు.

ఆ మాటలో అసత్యము లేదు. మేము ఆయనను తప్పు పట్టుట లేదు. అయితే బడిలోని సబ్బును ఇంటికి కొనిపోవు పిల్లవాని ఇంట సబ్బున్నదా యని మనలో ఎవరమును విచారింపలేదు. ఉదయము పదునొకండు గంటలకు పురుగును చంపు మందు నమలించి, పండ్రెండున్నరకు దాని గ్రుడ్డును అదే నోటికి అందించి పంపితిమేమో యని ఆనాడు తిరిగి వచ్చునపుడు మాకు తోచినది.

ఈ మాటను విశదీకరించుటకు పురుగులు నడచు త్రోవను కొంచెము తెలిసికొనవలెను. శత్రువు వచ్చు మార్గము తెలిసిన తరువాతనే కోట కట్టుట సాధ్యము. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనిన తరువాతనే కదా, ఆ జ్వరమును నివారించుటకు దోమను అరికట్టవలెనని లోకమునకు నిశ్చయముగా తెలిసినది! కడుపులోని పురుగుల మార్గము అంతకన్న రహస్యమైనది కాదు.

పిల్లల కడుపులో చేరు పురుగులలో ముఖ్యమైనవి నాలుగు. మొదటిది ఏలికపాము. ఇది జానెడుకు మించి పెరుగును. ఆడ ఏలికపాము దినమునకు రెండు లక్షల వరకు గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు మలముతో బయటపడి, తేమ గల నేలలో రెండు మూడు వారములు పక్వము చెంది, మట్టి అంటిన చేతుల ద్వారా, కడుగని కూరగాయల ద్వారా నోటిలో ప్రవేశించును. కడుపులో గ్రుడ్డు పగిలి వెలువడిన పిల్ల పురుగు పేగు గోడను తొలుచుకొని, రక్తముతో ఊపిరితిత్తులను చేరి, దగ్గుతో గొంతునకు వచ్చి, మరల మ్రింగబడి పేగులకు చేరుకొనును. రెండవది కొరడా పురుగు. దాని గ్రుడ్డు కూడ మట్టినుండి చేతికి, చేతినుండి నోటికి వచ్చునదే.

మూడవది కొంకి పురుగు. దీని దారి వేరు. మలముతో అపవిత్రమైన తడినేలపై చెప్పులు లేక నడచువారి పాదపు చర్మమును చీల్చుకొని ఇది లోనికి పోవును. పేగు గోడను కరచి పట్టుకొని రక్తము పీల్చును. నాలుగవది సన్నని తెల్లదారపు పోగువంటి నులిపురుగు. రాత్రివేళ మలద్వారము చెంత గ్రుడ్లు పెట్టి దురద పుట్టించును. నిద్రలో పిల్ల గోకికొనును. గ్రుడ్లు గోళ్ళ సందున చేరును. వీనికి వారముల తరబడి నేలలో పక్వము కావలసిన పని లేదు. కొన్ని గంటలలోనే అవి సిద్ధమగును. తెల్లవారి ఆ వ్రేలు నోటిలో పెట్టుకొనినచో పురుగు తన పాత యింటికే తిరిగి చేరినట్లు. ప్రక్కనున్న తమ్మునికిని, దుప్పటికిని, పలకకును కూడ అది అంటుకొనును.

ఈ నాలుగింటిలో మూడింటికి రాజమార్గము చేయియే. నాలుగవదగు కొంకి పురుగునకు మాత్రము చెప్పులును, మరుగుదొడ్డియు కావలెను. చేతులు కడిగిన మాత్రమున సర్వము తీరునని చెప్పుట శాస్త్రము కాదు గనుక ఈ భేదమును మేము ఇక్కడనే చెప్పుచున్నాము.

ఇవి పిల్లలకు చేయు హాని యెట్టిది? ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము మట్టి ద్వారా సంక్రమించు పురుగులు ప్రపంచములో సుమారు 150 కోట్ల మందిలో ఉన్నవి. ఒకటి రెండు పురుగులున్న పిల్లకు ఏమియు తెలియకపోవచ్చును. అవి పెరిగినకొలది ఆకలి తగ్గును, కడుపునొప్పి కలుగును, తిన్న అన్నము వంటబట్టదు, రక్తహీనత వచ్చును, ఎదుగుదల కుంటువడును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 67 మంది రక్తహీనులు. ఇందుకు పురుగులే కారణమని అనలేము. పోషకాహార లోపము మొదటి కారణము. కాని ఉన్న కొద్దిపాటి రక్తములో కూడ వాటా అడుగు అతిథిని కడుపులో ఉంచుకొనుట పేద పిల్లకు భరింపరాని వ్యయము.

ఇచ్చట మా సొంత తప్పిదమొకటి చెప్పుకొనక తప్పదు. కళాశాలకు రాక పూర్వము మేము రెండేండ్లు ఒక బడిలో పనిచేసితిమి. ఐదవ తరగతిలో ఒక బాలిక పాఠము మొదలు కాగానే బల్లమీద తల వాల్చెడిది. పిలిచినచో ఉలికిపడి లేచెడిది. సుద్దముక్కలు, గోడ మట్టి గిల్లి తినుచు పలుమారులు పట్టుబడినది. సోమరితనమని మేము తీర్మానించితిమి. ఒకనాడు బల్లపై నిలుచుండబెట్టితిమి. పది నిమిషములకే కన్నులు తిరిగి తూలినది. మరునాడు తల్లి వచ్చి, “సార్, దాన్ని కొట్టకండి, ఒంట్లో రక్తం లేదంట, కడుపులో పురుగులున్నాయంట, దవాఖానాలో చెప్పారు” అని చీటీ చూపినది. మందులు, ఇనుము మాత్రలు వాడగా కొన్ని నెలలకు ఆ పిల్ల మొగము తేటపడినది. పద్యము అప్పగించుటకు తానే చేయి ఎత్తసాగినది. ఆ చేయి చూచినప్పుడెల్ల మాకు సిగ్గు కలిగెడిది. మందమతులని మనము ముద్ర వేయు పిల్లలలో ఎందరు రోగులో ఎవరు చెప్పగలరు? రేపు ఉపాధ్యాయులు కాబోవు మన విద్యార్థులు దీనిని గుర్తుంచుకొందురు గాక.

పురుగులను గూర్చి మన యిండ్లలో ప్రచారమందున్న నమ్మకములు కొన్ని ఉన్నవి. బెల్లము, మిఠాయి తినినచో పురుగులు పడునని తెలుగు తల్లులు అందురు. పేట్ కే కీడే అని ఉర్దూ తల్లులును ఆ మాటనే అందురు. ఈ విషయమున రెండు భాషలవారికిని చక్కని ఐకమత్యము కలదు! తీపి వలన పురుగు పుట్టదు. పురుగు గ్రుడ్డునుండియే పుట్టును. అయితే మట్టిచేతితో తిన్న మిఠాయి వెంట గ్రుడ్డు పోవచ్చును. తప్పు మిఠాయిది కాదు, చేతిది. నిద్రలో పళ్ళు కొరుకుట పురుగులకు గుర్తని మరియొక నమ్మకము. అదియు నమ్మదగిన లక్షణము కాదు. ఈ నమ్మకముల వలన కలుగు నష్టమేమనగా, మిఠాయి మాన్పించితిమి గనుక పని తీరినదని పెద్దలు ఊరకుందురు. చేయి మాత్రము అట్లే యుండును.

ఇక మాత్ర సంగతి. ఆల్బెండజోల్ మంచి మందు. చవుక. వైద్యుల పర్యవేక్షణలో కోట్ల పిల్లలకు ఈయబడిన మందు. మాత్ర ఇచ్చిన దినమున కొందరు పిల్లలకు స్వల్పముగా వికారము, కడుపునొప్పి కలుగవచ్చును. అందుకు భయపడి కొందరు తల్లిదండ్రులు ఆ దినము పిల్లలను బడికి పంపుటయే మానుచున్నారు. అట్లు మానుట తగదు. అయితే ఆ మాత్ర కడుపులో ఉన్న పురుగును చంపును గాని, రేపు రాబోవు పురుగును ఆపదు. కొరడా పురుగుపై దాని ప్రభావము కూడ అంతంత మాత్రమే. ఇల్లు ఊడ్చి తలుపు తెరచి యుంచినచో దుమ్ము మరల రాక మానునా?

తలుపు మూయుట సాధ్యమేనా యని అడుగువారికి లోకానుభవము ఉత్తరమిచ్చుచున్నది. 2015లో ప్రకటింపబడిన ఒక అధ్యయనమున ఉత్తర ఇథియోపియాలో పరాన్నజీవులు లేని పిల్లలను ఎన్నుకొని ఆరు నెలలు గమనించిరి. సబ్బుతో చేతులు కడుగుట అలవరచిన యిండ్లలో నూటికి 14 మంది పిల్లలకు పేగులలో పరాన్నజీవులు మరల చేరినవి. తక్కిన యిండ్లలో నూటికి 29 మందికి చేరినవి. వారమునకొకసారి గోళ్ళు తీయించిన పిల్లలలో ఆ సంఖ్య 17, తీయించని వారిలో 26. చైనాలోని హునాన్ రాష్ట్రమున 38 బడులలో జరిపిన మరియొక అధ్యయనము 2013లో వెలువడినది. అందు పిల్లలందరికి మొదట మాత్ర ఇచ్చిరి. సగము బడులలో మాత్రము పురుగుల కథ చెప్పు పండ్రెండు నిమిషముల బొమ్మల చిత్రమును చూపి, పాఠములు చెప్పిరి. విద్యాసంవత్సరాంతమున చిత్రము చూచిన బడులలో క్రొత్తగా పురుగులు సోకినవారు నూటికి నాలుగురు. చూడని బడులలో ఎనమండుగురు. ఒక కథ, కొంత బోధ, సగము రోగము!

మన పొరుగుననే ఉన్న కరాచీ నగరపు పేదవాడలలో జరిపిన అధ్యయనము 2005లో ప్రకటింపబడినది. సబ్బు ఇచ్చి, చేతులు కడుగు పద్ధతి నేర్పిన యిండ్లలో పదునైదేండ్లలోపు పిల్లలకు అతిసారము 53 శాతము తగ్గినది. ఐదేండ్లలోపు వారికి న్యుమోనియా సగమునకు తగ్గినది. క్రిములను చంపునని ఘనముగా చెప్పుకొను ఖరీదైన సబ్బునకును, సాదా సబ్బునకును భేదము కనబడలేదు. కావున చవుక సబ్బు చాలును. సబ్బు పురుగు గ్రుడ్డును చంపదు. నురుగుతో రుద్దినపుడు చర్మమునుండి, గోటి సందునుండి దానిని వదలించి నీటితో సాగనంపును. అందువలననే సీసాలోని సారాయి ద్రవము చేతికి పూసికొనుట ఇచ్చట సబ్బునకు సాటి రాదు. రుద్దుట, కడుగుట ముఖ్యము.

పక్షపాతము లేక ఒక మాట చెప్పవలెను. కెన్యా దేశములో బడిపిల్లలకు పురుగుల మందు ఇచ్చినందువలన గైర్హాజరు నాలుగవ వంతు తగ్గినదని 2004లో ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రకటించిరి. వారిలో మైకేల్ క్రెమర్ 2019లో నోబెల్ బహుమానము పంచుకొనిన వారిలో ఒకరు. ఆ లెక్కలపై తరువాత పండితులలో తీవ్రమైన వాదోపవాదములు జరిగినవి. కావున పురుగులు పోయినంతనే పిల్లలందరు ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులగుదురని మేము వాగ్దానము చేయబోము. పిల్ల కడుపులో పురుగు లేకుండుట దానంతట అదియే న్యాయము. దానికి మార్కుల సాక్ష్యము అక్కరలేదు.

మాకు ఎదురగు ఆక్షేపణలు రెండు. దినమునకు ఐదుమారులు వజూ చేయు సమాజమునకు చేతుల శుభ్రత నేర్పవలెనా యని మొదటిది. ఇంటికి రాగానే కాళ్ళు చేతులు కడుగుకొనుమని చెప్పు తెలుగు యిండ్లవారును ఇట్లే అడుగవచ్చును. మన పెద్దలు నేర్పిన ఈ ఆచారములు గొప్పవి. కాని ఐదారేండ్ల పిల్లకు నమాజు ఇంకను నియమము కాలేదు. వజూలో నీరున్నదే గాని సబ్బు అలవాటు లేదు. అన్నింటికి మించి, బడిలో అన్నము తిను వేళ వజూ వేళ కాదు. ఆచారము ఇచ్చిన పునాదిపై సబ్బును చేర్చుట ఆచారమునకు భంగము కాదు, అది దాని పరిపూర్ణత.

పేదరికమే మూలము, సబ్బుబిళ్ళతో ఏమగునని రెండవది. ఇందులో సత్యము చాల ఉన్నది. నీరు రాని వాడకు వెళ్ళి చేతులు కడుగుమని ఉపన్యసించుట పరిహాసమే. అందుకే మేము పిల్లలకు నీతి చెప్పవలెనని కోరుట లేదు. పెద్దలు కొళాయి వేయవలెనని కోరుచున్నాము. 2020లో కరోనా మహమ్మారి వచ్చినపుడు ప్రతి ద్వారము చెంతను నీటితొట్టి, సబ్బు వెలసినవి. అనగా మనకు భయము కలిగినపుడు డబ్బు దొరకినది. భయము తీరగానే తొట్లు మూలబడినవి. ఆనాటి భయము పెద్దలది. పిల్లల రోగమునకు అంత భయము మనకు లేకపోయినది.

ఇక మా మనవి. ఒక కొళాయి, నూట యేబది మంది పిల్లలు. ఒక్కొక్కరికి అర నిమిషము చొప్పున డెబ్బది యైదు నిమిషములు పట్టును. భోజన విరామము అంత లేదు. అనగా అచ్చట చేతులు కడుగుకొనుట పిల్లలకు సాధ్యమే కాదు. ఒకే గొట్టమునకు పది కొళాయిలు పిల్లలకు అందు ఎత్తున అమర్చినచో ఏడున్నర నిమిషములలో పని ముగియును. కావున యాజమాన్య సంఘము వారు తమ ఆధ్వర్యమున నడచు ప్రాథమిక తరగతులలో మొదట, ఇరుగుపొరుగు బడులలో ఆ పిమ్మట, ఇట్టి కొళాయిల వరుసను భోజనశాలకు పోవు దారిలోనే నిర్మింపజేయవలెనని కోరుచున్నాము. మరుగుదొడ్ల వెనుక కాదు. వార్షికోత్సవమున స్వాగత ద్వారమునకును, అతిథుల జ్ఞాపికలకును అగు వ్యయములో కొంత తగ్గించినను ఇది నెరవేరునని మా అంచనా. అతిథులు ఎవరును చిన్నబుచ్చుకొనరు.

సబ్బు పోవుచున్నదను చిక్కునకు ఉపాయము కలదు. కొద్దిపాటి సబ్బుపొడిని నీటిలో కలిపి, మూతకు రంధ్రము చేసిన సీసాలో పోసి కొళాయికి కట్టవచ్చును. లేదా సబ్బుబిళ్ళను పాత వలసంచిలో వేసి వ్రేలాడదీయవచ్చును. అప్పటికిని పోయినచో మరియొకటి పెట్టవలెను. పోయిన సబ్బు ఎక్కడికి పోవును? ఒక పేద యింటికే కదా!

విద్యార్థులకు మా మనవి వేరు. మాత్ర దినమున వరుసలు కట్టించుటతో మీ సేవ ముగియలేదు. ప్రతి సోమవారము ఇద్దరిద్దరు చొప్పున ఒక బడికి వెళ్ళి, ప్రార్థన వేళ గోళ్ళు చూడుడు. గోళ్ళు తీయు దినమును గూర్చి మాత్రము తగవు పెట్టుకొనకుడు. ముస్లిం యిండ్లలో శుక్రవారము శ్రేష్ఠము. హిందువుల యిండ్లలో మంగళ శుక్రవారములు నిషిద్ధములు. ఏ యింటి ఆచారము ఆ యింటిది. సోమవారము నాటికి గోరు లేకుండుటయే మనకు కావలసినది. పురుగుల కథను తెలుగులోను ఉర్దూలోను బొమ్మలతో చిన్న నాటికగా కూర్చి ఆడుడు. మన కళాశాలలో ఆ రెండు భాషలకు కవులు కొదువ లేరు. ప్రేమలేఖలు వ్రాయు కలములు ఒక్క నెల ఏలికపాము మీద వ్రాసినచో సాహిత్యమునకు నష్టము రాదు.

మాత్ర ఇచ్చు పని ప్రభుత్వము చేయుచున్నది. కొళాయి, సబ్బు, కథ, ఈ మూడింటిని మనము చేయగలము. వచ్చు ఆగస్టు 10వ తేదీన మేము మరల ఆ బడికి పోదుము. మధ్యాహ్నపు గంట మ్రోగినపుడు పిల్లలు పళ్ళెముల వైపు కాక ముందు కొళాయిల వైపు పరుగెత్తుట చూడవలెనని మా కోరిక. యాజమాన్య సంఘము వారు ఈ మనవిని తమ రాబోవు సమావేశపు చర్చాంశములలో చేర్తురని, విద్యార్థులు అంతవరకు ఆగక సోమవారముననే పని మొదలుపెట్టుదురని ఆశించుచున్నాము.